మన్యం కొండల్లో ఏటా టెంట్: ఆలుమగల కోసం సమగ్ర మార్గదర్శి

కొండ మీద టెంట్ వేసుకుని ఒక రాత్రి గడిపి రావడం పెద్ద కష్టమేమీ కాదు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్దామని ఇద్దరికీ అనిపించడమే కష్టం. ఒకరు సూర్యోదయం ఫొటోలు తీస్తూ మురిసిపోతుంటే, రెండోవాళ్లు రాత్రంతా వణికి, నిద్రలేక, కడుపు ఉబ్బరంతో కూర్చుని ఉంటే ఆ జంట రెండోసారి బయల్దేరదు. అందుకే ఈ గైడ్‌లో ప్రతి నిర్ణయానికీ ఒకటే కొలత పెట్టుకున్నాను. ఇద్దరిలో ఎవరికి చలి ఎక్కువో, ఎవరు ముందు అలిసిపోతారో, ఎవరికి భయం ఎక్కువో, వాళ్లకు సరిపడేలా ఏర్పాటు చేసుకోవాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేనే కాబట్టి ఈ కొలత మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల గురించి. అంటే లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు చుట్టుపక్కల. హిమాలయాలకు వెళ్లేవాళ్ల లెక్కలు వేరు. ఇక్కడ ఎత్తు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఊపిరి ఆడదేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. చలి, మంచు, దోమ, ఘాట్ రోడ్డు, ఈ నాలుగింటినీ చూసుకుంటే చాలు.

మొదటి అడుగు: నెల చూసుకోవడం

నవంబర్ రెండో సగం నుంచి జనవరి చివరి దాకా మంచి కాలం. అక్టోబర్‌లో కొండలు పచ్చగా, ఎంతో అందంగా ఉంటాయి కానీ అది తుపాన్ల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దెబ్బ అరకు కాఫీ తోటల దాకా తగిలింది. అక్టోబర్, నవంబర్‌లలో వెళ్లాలనుకుంటే బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందో లేదో బయల్దేరే వారం రోజూ చూడండి. ఉందంటే మాత్రం ఇంకో ఆలోచన లేకుండా వాయిదా వేయండి. నానిన ఘాట్ రోడ్డు మీద కొండచరియ ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

అరకు వైపు వలిసె పూలు చూడాలంటే నవంబర్ బాగుంటుంది. పొలాలకు పొలాలు పసుపు పచ్చగా ఉంటాయి. ఫొటో కోసం చేలోకి దిగి తొక్కకండి, అది పూలతోట కాదు, నూనెగింజల పంట. ఫిబ్రవరిలో చలి తగ్గి, జనం కూడా పలచబడతారు. కొత్తగా మొదలుపెట్టే జంటకు నా సలహా ఫిబ్రవరి మొదటి వారమే. మార్చి, ఏప్రిల్‌లో నాలుగు చినుకులు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, చూసి తీరాల్సిందే. కానీ అవి మధ్యాహ్నం దాటాక పిడుగులు పడే నెలలు. ఫోన్‌లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, టెంట్ బదులు గది తీసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా టెంట్ మాట మర్చిపోవడం మేలు.

ఇంకో మాట. డిసెంబర్, జనవరి శని, ఆదివారాల్లో లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి రోడ్లు కార్లతో కిక్కిరిసిపోతాయి. తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి వెళ్లి హారన్లు వినడం ఎందుకు? మంగళ, బుధవారాలకు సెలవు పెట్టగలిగితే అదే కొండ మీకు ప్రశాంతంగా దొరుకుతుంది.

రెండో అడుగు: చోటు, అనుమతి

ఏటా వెళ్లాలనుకునేవాళ్లు ఏటా కొత్త చోటు వెతకడం కన్నా ఒక ఊరిని పట్టుకోవడం మంచిది. ఒక ఇంటివాళ్లతో పరిచయం పెరిగితే నీళ్లెక్కడ, గాలెటు, ఏ మలుపులో రోడ్డు కొట్టుకుపోయింది అన్నది ఫోన్‌లోనే తెలిసిపోతుంది. రెండో ఏడు వెళ్లేసరికి "టెంట్ ఎక్కడ వేయమంటారు?" అని మీరు అడగక్కర్లేదు, "మీ చోటు ఖాళీగానే ఉంచాం" అని వాళ్లే అంటారు.

అనుమతి విషయం తేలిగ్గా తీసుకోకండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంట్ వేయడం, మంట పెట్టడం నేరం. అడవి కాని భూమి కూడా ఎవరిదీ కానిది కాదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోవడానికి వీల్లేదు. కాబట్టి మీరు టెంట్ వేయబోయే చోటు దాదాపుగా ఒక భగత, కొండదొర, వాల్మీకి లేదా కోటియా కుటుంబం సాగు చేసుకునే నేలే అవుతుంది. ఆ కుటుంబాన్ని అడగండి, ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి, ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. మధ్యలో ఎవరో వచ్చి "ఇది మా క్యాంపు సైటు" అని వసూలు చేస్తుంటే, నేల ఎవరిదని ఒకసారి అడగడంలో తప్పులేదు.

మొదటి ఏడాది ఇంటి పెరట్లోనో, కల్లంలోనో వేయండి. కొండ కొమ్ము మీద ఒంటరి టెంట్ ఫొటోలో బాగుంటుంది గానీ రాత్రి రెండింటికి బాత్రూం అవసరమైతే ఆ ఫొటో పనికిరాదు. పెరట్లో అయితే మరుగుదొడ్డి ఉంటుంది, పొయ్యి ఉంటుంది, కుక్క మొరిగితే ఎందుకు మొరుగుతోందో చెప్పే మనిషి ఉంటారు. కొత్తచోటంటే భయపడేవాళ్లకు ఇది చాలా పెద్ద ధైర్యం.

మారేడుమిల్లి వైపున్న గుడిస లాంటి గడ్డి కొండల మీద, వంజంగి లాంటి పేరున్న చోట్ల నియమాలు మారుతూ ఉంటాయి. ఈ ఏడు రాత్రి ఉండనిస్తున్నారా లేదా అని బయల్దేరే ముందే అటవీ శాఖను, అక్కడివాళ్లను కనుక్కోండి.

మూడో అడుగు: చలిని అర్థం చేసుకుని సామాను కొనడం

డిసెంబర్ రాత్రి విశాఖలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడాలి. మరి లంబసింగిలో చలి కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు ఎందుకు పోతుంది? మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి కిందికి జారి లోయలో పేరుకుంటుంది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. చలికి బయట ఉన్నవాడు కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని చెబుతారు.

దీన్నుంచి రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, టెంట్ లోయ అడుగున, వాగు ఒడ్డున వేయకూడదు. పక్కనే ఇరవై ముప్పై అడుగుల ఎత్తున్న మెరక మీద వేస్తే చలీ తగ్గుతుంది, టెంట్ మీద కారే మంచూ తగ్గుతుంది. రెండోది, మనకు కింద నుంచి ఎక్కే చలే ఎక్కువ. ఎంత మందం రగ్గు కప్పుకున్నా, కింద పలచటి చాప ఉంటే నడుము పట్టేస్తుంది. అందుకే డబ్బులు పెట్టాల్సిన వరుస ఇది: ముందు కింద పరుచుకునే మ్యాట్, తర్వాత స్లీపింగ్ బ్యాగ్, ఆ తర్వాతే టెంట్. చాలామంది దీన్ని తిరగేసి కొంటారు.

నీరు పీల్చని గట్టి ఫోమ్ మ్యాట్లు (క్లోజ్డ్ సెల్ అంటారు) చవక, చిరిగినా పనిచేస్తాయి. ఒక్కొక్కరికి రెండేసి పరుచుకోండి. గాలి పరుపు ఒక్కటే అయితే లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది, దాని మీద ఫోమ్ పరవాలి. ఇంటివాళ్లను అడిగి టెంట్ కింద వరిగడ్డి పరుచుకుంటే ఇంకా హాయి. పరిచేముందు బాగా దులపండి, అటువైపు నిప్పు రానివ్వకండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్నది ఒకటి, లిమిట్ అన్నది ఇంకొకటి. అంతర్జాతీయ ప్రమాణంలో కంఫర్ట్ అంకెను సగటు స్త్రీని దృష్టిలో పెట్టుకుని, లిమిట్ అంకెను ముడుచుకుని పడుకున్న సగటు పురుషుణ్ణి దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తారు. అట్ట మీద పెద్దక్షరాల్లో కనిపించేది లిమిట్ అంకె అయి ఉండొచ్చు. మీరు చూడాల్సింది కంఫర్ట్. డిసెంబర్, జనవరిలో లంబసింగికి కంఫర్ట్ 0 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉన్నది చలి ఎక్కువైనవాళ్లకు, 5 డిగ్రీలది రెండోవాళ్లకు కొంటే ఖర్చు కలిసొస్తుంది. జిప్పులు కలిపి ఒకే పరుపులా చేసుకునే బ్యాగులు కావాలంటే మాత్రం రెండూ ఒకే మోడల్ ఉండాలి, ఒకటి ఎడమ జిప్పు, ఒకటి కుడి జిప్పు. కలిపి పడుకుంటే భుజాల దగ్గర ఖాళీ వచ్చి గాలి దూరుతుంది, అక్కడ శాలువా దోపుకోండి.

టెంట్ ఇద్దరిది అని రాసి ఉంటే ఇద్దరు పట్టేది నిజమే, కానీ బ్యాగులు పట్టవు. ముగ్గురి టెంట్ కొనండి. లోపల జాలీ గోడలు, పైన విడిగా కప్పే వాన గుడ్డ, అంటే రెండు పొరలు ఉన్నదే తీసుకోండి. ఒక్క పొర టెంట్‌లో ఇద్దరి ఊపిరి ఆవిరై, కప్పుకు తగిలి, తెల్లారుజామున ముఖం మీద చినుకులు పడతాయి. ఎంత చలైనా పైన గాలి కిటికీ మూయకండి.

బట్టలు పెద్దగా చెప్పక్కర్లేదు. పడుకోవడానికి ఒక జత పొడిబట్టలు, ఉన్ని సాక్సులు, మంకీ క్యాప్. పగలు వేసుకుని చెమట పట్టిన బట్టలతో పడుకోవద్దు. ఆ చెమ్మే సగం చలి. తలకు పెట్టుకునే టార్చ్ ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. ఒకే టార్చ్ ఉన్న జంట రాత్రికి ఒకసారైనా పోట్లాడుకుంటుంది.

నాలుగో అడుగు: మేడ మీద రిహార్సల్

కొన్న వారంలోపు మేడ మీద టెంట్ వేసి ఒక రాత్రి పడుకోండి. ముందు వెలుతురులో, తర్వాత టార్చ్ పెట్టుకుని. ఎవరు కర్రలు బిగించాలి, ఎవరు మేకులు కొట్టాలి అన్నది అక్కడే తేలిపోవాలి. మేడ మీద మేకులు దిగవు కాబట్టి ఇటుకలు కట్టండి. మా ఆయనకు సూచనల కాగితం చదివే అలవాటు లేదు, నాకు కర్రలు వంచే బలం లేదు. అందుకని నేను చదువుతాను, ఆయన బిగిస్తారు. మీ ఇంటి లెక్క మీరు చూసుకోండి.

ఐదో అడుగు: ప్రయాణం

విశాఖ నుంచి దారులు మూడు. అరకు వైపు ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కాలి, సుమారు 115 కిలోమీటర్లు. పాడేరుకు చోడవరం, మాడుగుల మీదుగా. లంబసింగికి నర్సీపట్నం మీదుగా. మాడుగులలో ఆగి హల్వా కట్టించుకోవడం రూల్ కాదు గానీ, నేను ఎప్పుడూ తప్పలేదు.

డిసెంబర్‌లో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే చీకటి పడుతుంది. మూడింటికల్లా చోటుకు చేరేలా బయల్దేరండి. పెట్రోలు కొండ కింద పట్టణంలోనే నింపుకోండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా, ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగండి. మలుపుల్లో కళ్లు తిరిగేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి, మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో ఎక్కకూడదు.

గంజాయి రవాణా వల్ల ఈ దారుల్లో పోలీసు చెక్‌పోస్టులు ఉంటాయి. డిక్కీ తీయమంటే తీయండి, ఇద్దరి ఆధార్ కార్డులూ అందుబాటులో ఉంచుకోండి. దారిలో ఎవరైనా "ఈ సంచి కింద ఊళ్లో ఇచ్చేయండి" అంటే మర్యాదగానే వద్దనండి. చీకటి పడ్డాక ఘాట్ ప్రయాణం పెట్టుకోకండి.

కారు లేకపోతే విశాఖ నుంచి అరకుకు పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుంది. అనంతగిరి కొండల్లో సొరంగాల గుండా వెళ్లే ఆ దారే సగం విహారం. కానీ రైల్లో గ్యాస్ డబ్బాలు తీసుకెళ్లకూడదు. అలా వెళ్లేటప్పుడు వంట ఆశ వదిలేసి, బస ఇచ్చిన ఇంట్లోనే భోజనం చెప్పుకోండి.

ఆరో అడుగు: టెంట్ వేయడం

సామాను దించగానే టెంట్ వేయాలనిపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. ఇద్దరూ చుట్టూ నడిచి, పైన ఎండు కొమ్మలున్నాయా, నేల మీద చీమల పుట్టలున్నాయా, వానొస్తే నీరు ఎటు పారుతుందో చూడండి. అనుమానం ఉన్న చోట నేల మీద పడుకుని చూడండి, వాలు కంటికి కనిపించకపోయినా నడుముకు తెలుస్తుంది. వాలు తప్పదనుకుంటే తల పైవైపు పెట్టుకోవాలి.

టెంట్ కింద పరిచే పట్టా టెంట్ అంచుల్లోంచి బయటికి రాకూడదు. వస్తే మంచు దాని మీద పడి, పారి, మీ కిందికే చేరుతుంది. తలుపు గాలికి ఎదురుగా కాకుండా, వీలైతే తూర్పుకు పెట్టండి. పొద్దున్న ఎండ పడితే టెంట్ తొందరగా ఆరుతుంది. తాళ్లు బిగించి, చివర్లకు తెల్ల గుడ్డ ముక్కలు కట్టండి, చీకట్లో కాలు తట్టుకోకుండా.

జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. ఇది ఒక్క దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున్న దులిపి తొడుక్కోండి. ఏదైనా కరిచిందని అనుమానం వస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సిగ్నల్ ఉంటే 108కి ఫోన్ చేయండి. ఉండకపోవచ్చు కాబట్టి, దగ్గర్లోని పీహెచ్‌సీ ఎక్కడో వెలుతురు ఉండగానే ఇంటివాళ్లను అడిగి తెలుసుకోండి.

ఏడో అడుగు: నీళ్లు, పొయ్యి, తిండి

మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు, తాగడానికీ వంటకీ కలిపి. ఊట నీళ్లు ఎంత తేటగా ఉన్నా తెర్లేదాకా కాచి తాగండి.

చిన్న గ్యాస్ పొయ్యికి వాడే బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర సరిగా మండదు. బ్యూటేన్ మరిగేదే మైనస్ అర డిగ్రీ దగ్గర. తెల్లారుజామున టీ కావాలంటే డబ్బాను రాత్రి బట్టల్లో చుట్టి పెట్టుకోండి, లేదా కాసేపు గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి. నేరుగా మంటతో వెచ్చబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు.

టెంట్ లోపల పొయ్యి గానీ, కుంపటి గానీ వెలిగించకూడదు. "కాసేపే కదా, వెచ్చగా ఉంటుంది" అనుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. చలికి విరుగుడు కావాలంటే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోండి. తెల్లారేదాకా వెచ్చదనం నిలవకపోయినా నిద్ర పట్టేదాకా నిలుస్తుంది, అది చాలు.

తిండి విషయంలో ఇంటి నుంచి ఇడ్లీ పిండి మోసుకెళ్లేవాళ్లను చూశాను. అంత అవసరం లేదు. మొదటి పూటకు పులిహోర, తర్వాత ఉప్మా, కిచిడీ, గుడ్లు. వారపు సంత రోజు కలిసొస్తే అక్కడే చిక్కుళ్లు, అల్లం, సామలు కొనండి. చోడి (రాగి) అంబలి దొరికితే పొద్దున్నే తాగండి. బొంగు చికెన్ మీరే చేయాలని సరదా పడకండి, పచ్చి వెదురు ఎక్కడ కొట్టాలో, ఎంత మంట పెట్టాలో తెలిసిన చేతులు వండితేనే దానికి రుచి. రాత్రి భోజనంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసుకోండి, ఆకలితో పడుకుంటే చలి ఎక్కువ వేస్తుంది. నీళ్లు మాత్రం పడుకునే గంట ముందు నుంచి తగ్గించండి, కారణం చెప్పక్కర్లేదు.

మంట వేసుకోవాలంటే ఇంటివాళ్లు రోజూ వేసే చోటే వేయాలి. ఎండుగడ్డి కొండ మీద ఒక్క నిప్పురవ్వ చాలు. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, చేత్తో తాకి చూడాలి.

మరుగుదొడ్డి లేని చోట వాగుకు డెబ్బై మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తవ్వి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. వాడిన ప్యాడ్లు, తడి టిష్యూలు పాతిపెట్టకుండా రెండు పొరల కవర్లో మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాలి. నెలసరి రోజులు పడతాయనిపిస్తే ప్రయాణం మానక్కర్లేదు, ఇంటి పెరట్లో టెంట్ వేసుకోండి, అంతే.

ఎనిమిదో అడుగు: దిగి వచ్చాక

అసలు ఏటా వెళ్లడం అన్నది ఇక్కడ నిలుస్తుంది. తడి టెంట్‌ను మడిచి అటక మీద పడేస్తే విశాఖ ఉక్కకు నెల తిరక్కుండా బూజు పడుతుంది, లోపలి పూత జిగురై వాసన కొడుతుంది. ఇంటికి చేరిన మర్నాడే మేడ మీద నీడపట్టున ఆరేయండి. స్లీపింగ్ బ్యాగును సంచిలో కుక్కి ఉంచకండి, పాత దిండు గలీబులో వదులుగా పెట్టండి. నొక్కి ఉంచితే లోపలి దూది అణిగి వెచ్చదనం పోతుంది. టెంట్, మ్యాట్లు, పొయ్యి, టార్చులు, మందుల డబ్బా అన్నీ ఒకే పెట్టెలో ఉండాలి. ఆ పెట్టెలోంచి టార్చ్ తీసి కరెంటు పోయినప్పుడు వాడుకుని మళ్లీ పెట్టకపోవడం ప్రతి ఇంట్లో జరిగేదే.

పెట్టెలో ఒక నోటుబుక్కు వేయండి. ఏ రాత్రి ఎంత చలి వేసింది, ఏది వాడలేదు, ఏది తక్కువైంది అన్నది ఇద్దరూ విడివిడిగా రాయాలి. ఒకరు "బాగుంది" అని రాసిన రాత్రికి రెండోవాళ్లు "నిద్ర లేదు" అని రాస్తే వచ్చే ఏడాది కొనాల్సిన వస్తువేదో తెలిసిపోతుంది.

మన్యం మలేరియా ఉన్న ప్రాంతం. అక్కడున్న రోజుల్లో సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కాలు, దోమల క్రీము తప్పనిసరి. వచ్చాక నెలలోపు ఇద్దరిలో ఎవరికి జ్వరం వచ్చినా పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించండి, "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని డాక్టరుకు మీరే ముందు చెప్పండి. గడ్డిలో తిరిగారు కాబట్టి ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే అదీ చూపించండి, స్క్రబ్ టైఫస్ కావచ్చు.

బస ఇచ్చిన ఇంటివాళ్లకు తీసిన ఫొటోలు ప్రింట్ వేయించి పంపండి. సంక్రాంతికి ఒకసారి, వానాకాలం దాటాక ఒకసారి ఫోన్ చేయండి. ఆ రెండో ఫోన్‌లోనే రోడ్డు ఎలా ఉందో, వలిసెలు ఎప్పుడు పూస్తాయో అడిగి తేదీ చెప్పేయండి, పెట్టె దించి టార్చుల్లో బ్యాటరీలు మార్చుకోండి.